రెండు డిస్కులున్నా పెళ్లి వీడియో ఎలా పోయింది? ఇంటి సర్వర్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫోన్లు నిండిపోయి, గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ కూడా చాలక, ఇంట్లోనే ఫొటోలకూ కాగితాలకూ ఒక చిన్న సర్వర్ పెట్టుకుంటున్నవారి ప్రశ్నలు ఈసారి తీసుకున్నాం. దుకాణంలో దీన్ని ‘నాస్’ అని అడిగితే ఇస్తారు.

మా ఇంట్లో నాలుగు ఫోన్లు, రెండు పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు కలిపి 1.6 టీబీ ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. మూలన పడి ఉన్న డెస్క్‌టాప్‌నే సర్వర్‌గా వాడుకోవచ్చా, లేక రెండు డిస్కుల నాస్ కొనాలా? డిస్కులు ఏవి తీసుకోవాలి? – ఖమ్మం

పాత డెస్క్‌టాప్ పనికొస్తుంది. ఓపెన్‌మీడియావాల్ట్ గానీ ట్రూనాస్ గానీ, సర్వర్‌గా నడిపే ఈ సాఫ్ట్‌వేర్‌లను ఉచితంగా వేసుకోవచ్చు. అయితే కరెంటు లెక్క ముందు చూసుకోండి. పాత డెస్క్‌టాప్ ఊరికే ఆన్‌లో ఉన్నా సుమారు 50 వాట్లు తాగుతుంది. రోజంతా నడిస్తే నెలకు 36 యూనిట్లు. రెండు డిస్కుల నాస్ 20 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే నెలకు 14 యూనిట్ల పైచిలుకు. మూడు నాలుగేళ్లు నడపాలనుకుంటే ఈ తేడా చిన్నది కాదు. ఆరు నెలలు వాడి చూద్దామనుకుంటే మాత్రం ఉన్న డెస్క్‌టాప్‌తోనే మొదలుపెట్టండి.

సైజు విషయంలో, ఇప్పుడున్నదానికి కనీసం రెండింతలు పట్టాలి. మీకు 4 టీబీ సరిపోతుంది. కంప్యూటర్‌లో అది 3.63గా కనిపిస్తే దుకాణదారు మోసం చేశాడనుకోకండి. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది. అందులోనూ 80 శాతం దాటి నింపకండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు) నిండేకొద్దీ నెమ్మదిస్తాయి.

డిస్కు కొనేటప్పుడు అడగాల్సిన మాట ఒకటుంది: సీఎంఆరా, ఎస్‌ఎంఆరా? సీఎంఆర్ డిస్కులో డేటా వరసలు విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్కులో అవి ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పైవాటిని కదపాల్సినట్టే, ఒక వరస తిరగరాయాలంటే పక్క వరసలూ తిరగరాయాలి. నింపి పక్కన పెట్టే బ్యాకప్ డిస్కుకు ఫరవాలేదు. కానీ సర్వర్‌లో ఒక డిస్కు పాడై కొత్తది పెట్టినప్పుడు, గంటల తరబడి ఆగకుండా రాయాల్సి వచ్చి అది చతికిలబడుతుంది. కొన్నిసార్లు సర్వర్ దాన్ని ‘పాడైన డిస్కు’ కింద జమకట్టి బయటకు నెట్టేస్తుంది. పెట్టె మీద ‘నాస్’ అని ఉన్నంత మాత్రాన నమ్మలేం. తన రెడ్ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ దాకా ఉన్న కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్‌వేనని వెస్టర్న్ డిజిటల్ 2020లో ఒప్పుకుంది. అదే కంపెనీ రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్ రకాలు. రెండు డిస్కులూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొనకండి. ఒకే బ్యాచ్‌వి అయితే ఒకే లోపం, ఒకే సమయంలో రెండింటిలోనూ బయటపడొచ్చు. తెచ్చిన రోజే కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి, మన దేశంలో వారంటీ ఉందో లేదో చూసుకోండి. ఆ రాత్రి, డిస్కు తనను తాను పరీక్షించుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్ పెట్టి, అది పాసయ్యాకే ఫైళ్లు ఎక్కించండి.

రూటర్‌కూ సర్వర్‌కూ మధ్య వైరును చాలామంది పట్టించుకోరు. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కలవాలి. నాలుగే కలిస్తే లింకు 100 మెగాబిట్లకు పడిపోతుంది. మొదటి పరిస్థితిలో సెకనుకు 110 మెగాబైట్ల దాకా వెళ్తుంది, మీ 1.6 టీబీ నాలుగు గంటల్లో ఎక్కుతుంది. రెండో పరిస్థితిలో అదే పని 40 గంటలు. నాస్ సెట్టింగ్స్‌లో లింకు వేగం 1000 అని ఉందో లేదో ఒకసారి చూడండి, 100 అని ఉంటే ముందు కేబుల్ మార్చండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: మీరు కొనాల్సినవి కనీసం మూడు డిస్కులు. రెండు సర్వర్‌లోకి, మూడోది బ్యాకప్‌కు. డబ్బు రెండింటికే సరిపోతే సర్వర్‌లో ఒక్కటే పెట్టి, రెండోదాన్ని బ్యాకప్‌కు ఉంచండి. ఎందుకో కింది ప్రశ్న చదివితే తెలుస్తుంది.

నాస్‌లో రెండు డిస్కులు మిర్రర్‌లో పెట్టాను. ఒకటి పోయినా రెండోది ఉంటుందన్న ధైర్యంతో కంప్యూటర్‌లోని కాపీ తీసేశాను. మొన్న మా చిన్నోడు చెల్లి పెళ్లి వీడియో ఫోల్డర్‌ను పొరపాటున డిలీట్ చేశాడు. రెండు డిస్కుల్లోనూ లేదు! తిరిగి వస్తుందా? మిర్రర్ ఉన్నా ఇలా ఎందుకయింది? – రాజమహేంద్రవరం

ముందు చేయాల్సింది: నాస్‌ను ఇప్పుడే షట్‌డౌన్ చేయండి. అది నడుస్తున్నంతసేపూ కొత్త ఫైళ్లు, లాగ్‌లు ఆ ఖాళీ జాగాలోకి వచ్చి కూర్చుంటాయి. ఆపే ముందు ఒక్కటే చూడండి, షేర్డ్ ఫోల్డర్‌కు రీసైకిల్ బిన్ ఆన్ చేసి ఉందేమో. ఉంటే ఫోల్డర్ అందులోనే ఉంటుంది. లేకపోతే మిర్రర్‌లోని ఒక డిస్కును తీసి లినక్స్ కంప్యూటర్‌కు తగిలించి, దాని మీద ఏమీ రాయకుండా ఫొటోరెక్ అనే ఉచిత టూల్‌తో వెతకండి. దొరికినవాటిని మరో డిస్కులోకే తీయండి. పేర్లు రావు, పెద్ద వీడియోలు ముక్కలై ఉంటే కొంతే తెరుచుకోవచ్చు. రెండో డిస్కును కదపకుండా అలాగే ఉంచండి, డేటా రికవరీ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తే అదే పనికొస్తుంది. పెళ్లి వీడియో తీసిన స్టూడియోలోనూ అడగండి, కొందరు ఒరిజినల్స్ కొన్నేళ్లు ఉంచుతారు.

ఇలా ఎందుకయిందంటే, మిర్రర్ కాపాడేది డిస్కు యంత్రాన్ని, మీ ఫైలును కాదు. ఒక డిస్కు ఆగిపోయినా సర్వర్ ఆగకుండా నడవడమే దాని పని. ఒకవైపు ఏం రాస్తే రెండోవైపూ అదే క్షణంలో రాస్తుంది, ఒకవైపు చెరిపితే రెండోవైపూ చెరుపుతుంది. పొరపాటు డిలీట్, వైరస్, దొంగతనం, పిడుగుపాటు వల్ల వచ్చే హై వోల్టేజీ, వంటింటి గోడలోంచి కారిన నీళ్లు, వీటిలో దేన్నుంచీ అది కాపాడలేదు. ఫోన్‌తో, కంప్యూటర్‌తో ఫోల్డర్లను సింక్ చేసే యాప్‌లదీ ఇదే దారి. అక్కడ చెరిపితే ఇక్కడా పోతుంది.

కాబట్టి రెండు రకాల రక్షణ పెట్టుకోవాలి. మొదటిది స్నాప్‌షాట్. నాస్‌లో ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ అయితే, గంటగంటకూ ఆ క్షణం నాటి రూపాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మారిన భాగానికి మాత్రమే జాగా పడుతుంది. గంటవి 24, రోజువి 14, వారానివి 8 ఉంచేలా పెట్టండి. మీ చిన్నోడు ఫోల్డర్ చెరిపిన గంట ముందు స్నాప్‌షాట్ ఉండుంటే రెండు నిమిషాల్లో తిరిగొచ్చేది. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఈ సౌకర్యం లేదు. తర్వాత మార్చుకుందామంటే డిస్కు మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి. కొన్ని చవక నాస్ మోడళ్లలో ఈఎక్స్‌టీ4 ఒక్కటే ఉంటుంది, కొనే ముందే చూసుకోండి.

రెండోది అసలైన బ్యాకప్. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క ఇప్పటికీ సరైనదే: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి బయట. ఇంటి అవసరానికి ఇది ఇలా కుదురుతుంది. యూఎస్‌బీ డిస్కులు రెండు తీసుకోండి. ఒకటి నాస్‌కు తగిలి ఉంటే, ఇంకొకటి బావగారింట్లోనో బ్యాంకు లాకర్లోనో ఉంటుంది. నెలకొకసారి వెళ్లినప్పుడు మార్చుకోండి. బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ పాత రూపాలను కూడా దాచేది అయ్యుండాలి. రెస్టిక్, బోర్గ్ ఉచితం. సైనాలజీ కంపెనీ నాస్‌లో హైపర్ బ్యాకప్ ఉంటుంది.

ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో సొంతంగా స్క్రిప్టు రాసుకునేవాళ్లు రెండు గోతుల్లో పడుతుంటారు. మూలంలో లేని ఫైళ్లను గమ్యంలోనూ చెరిపేయమనే ‘డిలీట్’ ఆప్షన్ పెట్టి ఉంటే, ఒకరోజు అసలు డిస్కు మౌంట్ కాక, అంటే సిస్టమ్‌తో కలవక, ఖాళీగా కనిపించినప్పుడు అది బ్యాకప్ మొత్తాన్నీ శుభ్రంగా తుడిచేస్తుంది. ఇక బ్యాకప్ డిస్కే మౌంట్ కాకపోతే, ఆ పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే సిస్టమ్ డిస్కులోకి ఫైళ్లు పోసి, అది నిండి సర్వర్ ఆగిపోతుంది. రెండింటికీ విరుగుడు ఒకటే. రెండు డిస్కుల్లోనూ ఒక చిన్న గుర్తు ఫైలు పెట్టి, అది కనిపిస్తేనే ముందుకు సాగేలా స్క్రిప్టు మొదట్లో రాయండి.

మూడు నెలలకొకసారి బ్యాకప్‌లోంచి ఫైళ్లను తిరిగి తీసి చూడాలి. అన్నిటికన్నా పాతది ఒక ఫోల్డర్, నిన్నటిది ఒకటి, ఒక పెద్ద వీడియో. ఈ మూడింటినీ నాస్‌లోకి కాకుండా వేరే కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేసి తెరవండి, వీడియోను మధ్యలోంచి చివరిదాకా జరిపి చూడండి. ఫొటోలకు ఇమ్మిచ్ లాంటి యాప్ వాడుతుంటే ఫొటోల ఫోల్డర్ ఒక్కటే చాలదు. ఆల్బమ్‌లు, మనుషుల పేర్లు డేటాబేస్‌లో ఉంటాయి, దాని నకలు కూడా బ్యాకప్‌లోకి వెళ్లాలి.

ఇంటికి ఇన్వర్టర్ ఉంది. అయినా కరెంటు పోయిన ప్రతిసారీ నాస్ ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. – విజయవాడ

ఇన్వర్టర్ వెనకో ముందో ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని ఒక స్విచ్ ఉంటుంది, చూడండి. నార్మల్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాను, లైటు దాన్ని తట్టుకుంటాయి, నాస్ అడాప్టర్ తట్టుకోదు. యూపీఎస్ వైపు తిప్పితే చాలావరకు ఆగుతుంది. అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే దాని మీద నాస్ నడపకండి.

ఎలా చూసినా నాస్‌కు విడిగా 600 వీఏ యూపీఎస్ ఒకటి అవసరం. యూఎస్‌బీ పోర్టు ఉన్నదే తీసుకోండి, చవక మోడళ్లలో చాలావాటికి ఉండదు. ఆ కేబుల్ నాస్‌కు కలిస్తేనే, బ్యాటరీ మీద నడుస్తున్నామని దానికి తెలిసి తనంతట తాను సక్రమంగా ఆగుతుంది. ‘బ్యాటరీ తగ్గాక ఆపు’ అని కాకుండా ‘కరెంటు పోయిన ఐదు నిమిషాలకు ఆపు’ అని పెట్టండి. పాతబడ్డ బ్యాటరీ సగం ఉన్నట్టు చూపిస్తూనే ఒక్కసారిగా కూలిపోతుంది. దాంట్లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి, మీ ఊరి ఎండలకు ఇంకా ముందే. ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్తింగ్, నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. నాస్‌ను టీవీ అల్మరాలో మూసి పెట్టకండి. డిస్కు వేడి 45 డిగ్రీలు దాటకుండా గాలి ఆడేచోట ఉంచాలి.

మా నాన్నగారు రికార్డు చేసిన హరికథలు, బుర్రకథల ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టాం. విండోస్‌లో బాగానే ఉన్నవి నాస్‌లోని ఎన్‌క్రిప్టెడ్ ఫోల్డర్‌కు కాపీ చేస్తుంటే కొన్ని ‘పేరు చాలా పొడవు’ అని ఆగిపోతున్నాయి. చూస్తే పేర్లు అంత పొడవేమీ లేవు. – తెనాలి

కంటికి కనిపించే పొడవు వేరు, సర్వర్ లెక్క వేరు. నాస్ నడిచే లినక్స్‌లో ఫైలు పేరుకు గరిష్ఠంగా 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. మనం ఒక్క అక్షరంగా చదివేది లోపల ఒక్కోసారి నాలుగైదు సంకేతాలు. ‘శ్రీలక్ష్మి’ అంటే మనకు మూడక్షరాలే. కంప్యూటర్‌కు అందులో హల్లు, పొల్లు, మళ్లీ హల్లు, గుడి ఇలా 11 సంకేతాలు, 33 బైట్లు. విండోస్ బైట్లను కాక సంకేతాలను లెక్కిస్తుంది, 255 దాకా ఒప్పుకుంటుంది. అందుకే అక్కడ ఇబ్బంది రాలేదు.

మామూలు ఫోల్డర్‌లో అయితే 85 తెలుగు సంకేతాల దాకా పడుతుంది. మీది ఎన్‌క్రిప్టెడ్ ఫోల్డర్, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేనిది. సైనాలజీ లాంటి నాస్‌లలో ఆ పద్ధతి పేరును కూడా దాచిపెడుతుంది కాబట్టి పరిమితి 143 బైట్లకు, అంటే 47 సంకేతాలకు తగ్గుతుంది. కనిపించే అక్షరాల్లో చెప్పాలంటే సుమారు 20–25. ‘పార్వతీ కల్యాణం హరికథ రెండో భాగం’ లాంటి పేరుకే 88 బైట్లు పడతాయి, ఊరూ తేదీ, కథకుడి పేరూ కూడా చేరిస్తే దాటిపోవచ్చు.

పేర్లను ఇంగ్లీషులోకి మార్చాల్సిన పని లేదు, మార్చకండి. పరిమితి ఒక్కో పేరుకే గానీ మొత్తం దారికి కాదు. కాబట్టి ఊరు, సంవత్సరం, కథ పేరు ఫోల్డర్లుగా విడగొట్టి, ఫైలుకు ‘భాగం 02’ అని చిన్న పేరు ఉంచండి. తేదీని అంకెల్లో 1994-02-17 అని రాస్తే పది బైట్లే. కథకుడు, వంతలు, సందర్భం లాంటి వివరాలు ఫోల్డర్‌లోనే ఒక టెక్స్ట్ ఫైలులో రాయండి. ఇలాంటి సేకరణలకు ఆ వివరాల విలువ రికార్డింగుకు తక్కువ కాదు. కాపీ అయ్యాక రెండువైపులా ఫైళ్ల సంఖ్య పోల్చండి. ఆగిపోయినవి ఎన్నో చెప్పకుండా మిగతావి ముగించేసే టూల్స్ ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఎదురుకావచ్చు. ‘సర్వర్‌లో’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం ఉంటుంది. ఒక కీబోర్డు దాన్ని వేస్తుంది, మరొకటి వేయదు. అచ్చం ఒకేలా ఉన్న రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపించినా, వెతికితే ఒకటే దొరికినా కారణం ఇదే.

మేం డాలస్‌లో ఉంటాం. మా సర్వర్‌లోని 2.5 టీబీకి ఇంకో కాపీ కరీంనగర్‌లో అమ్మానాన్నల దగ్గర ఉంచాలని ఉంది. వాళ్ల రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా కనెక్ట్ కావడం లేదు. – డాలస్

ఆ రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (ఇంటర్నెట్ వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతోందేమో చూడండి. అయితే మీది సీజీనాట్. ఒకే పబ్లిక్ చిరునామాను కంపెనీ ఎంతోమందికి పంచుతుంది, కాబట్టి బయటి నుంచి లోపలికి దారి ఉండదు. కుదిరే చోటైనా పోర్టు తెరవకండి. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవి) పట్టుకున్నది ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన నాస్‌లనే. రెండు చోట్లా టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ యాప్ వేయండి. రెండు పరికరాలూ లోపలి నుంచి బయటకు వెళ్లి కలుసుకుంటాయి గనక సీజీనాట్ అడ్డురాదు.

మొదటి కాపీని నెట్ మీద పంపకండి. మీ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుంటే ఆగకుండా పదకొండున్నర రోజులు పడుతుంది. అక్కడే డిస్కు మీదికి పూర్తి బ్యాకప్ తీసి, వచ్చేటప్పుడు చేతి సంచిలో తీసుకురండి. ఆ తర్వాత వెళ్లేవి రోజూ మారినవి మాత్రమే. అక్కడ కొన్న డిస్కు అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూసుకోండి. వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు, అది తెలిసే తేవాలి.

కరీంనగర్‌లో రాస్‌ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ చాలు. దాని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి ఇచ్చేది 1.2 ఆంపియర్లే. కాబట్టి సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డిస్కు పెట్టండి, లేకపోతే రాస్తూ రాస్తూ మధ్యలో డిస్కు మాయమవుతుంది. కరెంటు వచ్చిన వెంటనే రాస్‌ప్‌బెరీ పై తనంతట తానే ఆన్ అవుతుంది. పాత డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో ఆ సెట్టింగు విడిగా పెట్టాలి. బ్యాకప్‌ను రెస్టిక్ సర్వర్‌తో ‘చేర్చడమే, చెరపడం లేదు’ అన్న పద్ధతిలో నడపండి. డాలస్ సర్వర్‌కు ఏదైనా వైరస్ పట్టినా కరీంనగర్ కాపీ జోలికి పోలేదు. రెస్టిక్ అంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డ్ పోతే ఎవ్వరూ తెరవలేరు కాబట్టి కాగితం మీద రాసి రెండిళ్లలోనూ బీరువాలో పెట్టండి. మూడు రోజులు కొత్త బ్యాకప్ రాకపోతే మెయిల్ వచ్చేలా పెట్టుకోవాలి. రోజూ ‘సక్సెస్’ అని వచ్చే మెయిల్‌ను నెల తిరిగేసరికి ఎవరూ చదవరు, అది ఆగిపోయినా గమనించరు. ప్లగ్గు మీద ‘దీన్ని తీయవద్దు’ అని తెలుగులో పెద్దక్షరాలతో అతికించండి. ఇల్లు ఊడ్చేవాళ్లు, మిక్సీకి ప్లగ్గు వెతికేవాళ్లు దాన్నే తీస్తారు.

విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక నాస్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. – నెల్లూరు

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుస్తున్నారేమో. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ ప్రో లాంటి ఎడిషన్లలో ఎస్‌ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే పద్ధతి) సైనింగ్ తప్పనిసరి అయింది, గెస్ట్‌తో అది కుదరదు. పాత తలుపును మళ్లీ తెరిచే రిజిస్ట్రీ చిట్కాలు, ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమనే సలహాలు వినకండి. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది ఆ ఎస్‌ఎంబీ1 లోపం గుండానే. నాస్‌లో ఇంట్లో ఒక్కొక్కరికీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో నాస్ పేరుతో పాత ఎంట్రీ ఉంటే తీసేసి, కొత్త పేరుతో లోపలికి వెళ్లండి.

డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో 197 దగ్గర 8, 199 దగ్గర 312 చూపిస్తోంది. డిస్కు మార్చాలా? – అనంతపురం

199 డిస్కుది కాదు, చాలాసార్లు వైరుది. డిస్కును కలిపే సాటా కేబుల్ మార్చి, రెండు వైపులా గట్టిగా నొక్కండి. ఆ అంకె ఎప్పటికీ సున్నాకు రాదు, వారం తర్వాత కూడా 312 దగ్గరే ఉంటే సమస్య తీరినట్టే.

197 వేరు. డిస్కు చదవలేకపోతున్న చోట్లు అవి. ఎనిమిది అంటే నిజానికి 4096 బైట్ల సెక్టార్ ఒకటే అయ్యుండొచ్చు, 512 బైట్ల లెక్కన ఎనిమిదిగా చూపిస్తారు. ముందు బ్యాకప్ తాజాగా ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాత స్క్రబ్ (డిస్కు మొత్తాన్నీ చదివి సరిచూసే పని) నడపండి. మిర్రర్‌లోని మంచి కాపీతో ఆ చోటును తిరిగి రాస్తుంది. తర్వాత లాంగ్ టెస్ట్ పెట్టండి. 197 సున్నాకు వచ్చి, 5 (పక్కకు తీసేసిన చెడ్డ చోట్లు), 198 (సరిచేయలేని చోట్లు) పెరగకపోతే వారం వారం చూస్తూ వాడుకోవచ్చు. ఈ మూడింటిలో ఏది పెరుగుతూ పోయినా వారంటీలో ఉండగానే మార్చండి.

మార్చేటప్పుడు పాడైనదనుకుని మంచి డిస్కును లాగేసేవాళ్లు చాలామంది. ట్రే నంబరును నమ్మకండి, రిపోర్టులోని సీరియల్ నంబరును డిస్కు మీది లేబుల్‌తో పోల్చండి. ఇప్పుడే నాస్ ఆపి, ప్రతి డిస్కు సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి దాని ట్రే ముందు అతికించండి.